కూలి పుచ్చుకునే వీరులు

భిలాయి ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి కరిగిన ఇనుము వదిలేటప్పుడు ఎదురుగా నిలబడే మనిషికి నెల జీతం ఉంది, షిఫ్టు ఉంది, సెలవు చీటీ ఉంది. దాదాపు 1,500 డిగ్రీల వేడితో పారే లోహం ముందు అతను నిలబడేది జీతం కోసమేనని అందరికీ తెలుసు. అయినా అతనిది ధైర్యం కాదని భిలాయిలోని రుఆబాంధా క్వార్టర్లలో ఎవరూ అనరు. సోవియట్ రష్యాతో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి ఫర్నేస్ మొదలైనప్పటి నుంచి, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బతుకుతెరువుకు వచ్చిన ఎందరో తెలుగువాళ్లు ఈ ప్లాంటు నిప్పుతోనే ఇల్లు గడుపుకున్నారు. ప్రమాదానికి ఎదురెళ్లడం, దానికి కూలి తీసుకోవడం, రెండూ ఒకే మనిషిలో ఉండగలవని ఈ ఊరికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి ఊళ్లో కూడా కామిక్స్ మాట వచ్చేసరికి పెద్దవాళ్లకు ఒక సందేహం వస్తుంది. దయ్యాలతో, రక్తపిశాచాలతో పోరాడే సూపర్ హీరోలు ముందుగా బేరం కుదుర్చుకుని, పని అయ్యాక బిల్లు ఇచ్చే కథలు చూసి, డబ్బు తీసుకునేవాడు వీరుడెలా అవుతాడు, పిల్లలు దీన్నుంచి ఏం నేర్చుకుంటారు అని అడుగుతారు. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదిది. కానీ ఆ కథలనూ, మన పాత కథలనూ పక్కపక్కన పెట్టి చదివితే, కూలి ఆ వీరత్వాన్ని తగ్గించడం లేదని, దాన్ని మనుషులకు దగ్గర చేస్తోందని తేలుతుంది.

ఈ రకం కథలు అమెరికాలో గట్టిగా వేళ్లూనుకున్నది 1972లో. ఆ ఏడాది మార్వెల్ సంస్థ ల్యూక్ కేజ్ అనే నల్లజాతి యువకుణ్ణి కథానాయకుడిగా పెట్టి పత్రిక మొదలుపెట్టింది. దాని పేరులోనే అతను కూలికి దొరికే హీరో అని ఉంది. నల్లజాతి సూపర్ హీరో తన సొంత పేరు మీద ఒక కామిక్స్ పత్రికను నడపడం అదే మొదలు. చేయని నేరానికి జైలుకెళ్లినవాడు, అక్కడ జరిగిన ప్రయోగంలో చర్మం ఉక్కులా గట్టిపడినవాడు, తప్పించుకుని న్యూయార్కులో ఒక సినిమా హాలు పైన గది అద్దెకు తీసుకుని ఆఫీసు తెరుస్తాడు. ఇక్కడే ఆగి ఆలోచించాలి. సూపర్‌మాన్‌కు పత్రికలో ఉద్యోగం ఉంది. బ్యాట్‌మాన్‌కు తాతల ఆస్తి ఉంది. ఊరికే సాయం చేయడం వాళ్లకు చెల్లుతుంది. ఇంటద్దె కట్టాల్సినవాడికి, పోలీసులకు కనపడకుండా బతకాల్సినవాడికి తన కండబలమే పెట్టుబడి. 1973లో వచ్చిన ఒక కథలో డాక్టర్ డూమ్ అనే మహా దుర్మార్గుడు కేజ్‌తో పని చేయించుకుని 200 డాలర్లు ఎగ్గొడతాడు. ఆ 200 కోసం కేజ్ ఎగిరే వాహనం అరువు తీసుకుని డూమ్ ఏలే దేశానికే వెళ్లి నిలదీస్తాడు. ఖర్చు లెక్క చూస్తే అది నష్టపు బేరమే. కానీ ఎంత పెద్ద రాజైనా కూలివాడి సొమ్ము తినకూడదన్న పట్టుదల అందులో ఉంది. కూలి ఎగ్గొట్టిన కాంట్రాక్టరు ఇంటి ముందు కూర్చునే మనిషికి ఈ కథ వివరించి చెప్పాల్సిన పని లేదు. 1978 నాటికి ఐరన్ ఫిస్ట్ అనే యోధుడు, మాయానగరంలో డ్రాగన్‌ను జయించి శక్తి సంపాదించినవాడు, కేజ్‌తో చేయి కలిపాడు. ఒక్కడి దుకాణం అలా జట్టుగా మారింది.

మానవాతీత శక్తులతో తలపడే జట్లు ఆ దారిలోనే వచ్చాయి. మార్వెల్‌లోనే 1992లో నైట్‌స్టాకర్స్ వచ్చింది. అందులో ముగ్గురు ఉంటారు. రక్తపిశాచాల వేటగాడు బ్లేడ్, డ్రాకులా వంశంలో పుట్టినందుకు జీవితమంతా ఆ నీడను మోసే ఫ్రాంక్ డ్రేక్, తానే రక్తపిశాచమైపోయినా మనిషి నెత్తురు ముట్టనని ఒట్టుపెట్టుకున్న డిటెక్టివ్ హానిబల్ కింగ్. ముగ్గురూ కలిసి పరిశోధన సంస్థ బోర్డు కడతారు. ఇటలీలో 1986 నుంచి వస్తున్న డైలాన్ డాగ్ లండన్‌లో పీడకలల పరిశోధకుడు. రచయిత తిజియానో స్క్లావి అతనికి రోజు కూలి 50 పౌండ్లు, ఖర్చులు అదనం అని పెట్టాడు. జపాన్‌లో 1991 నుంచి 1999 దాకా నడిచిన గోస్ట్ స్వీపర్ మికామి కథలో ఆత్మలను తరిమే యువతి కోట్లలో బిల్లు వేస్తుంది. ఆ దేశంలో భూముల ధరలు ఆకాశానికెగిరి కూలిన కాలమది. మేడల్లో దయ్యాలుంటే కోట్ల ఆస్తి పడావు పడుతుంది గనుక యజమానులు ఎంతైనా ఇస్తారు. అందరికీ తెలిసిన గోస్ట్‌బస్టర్స్ 1984లో సినిమాగా పుట్టి తర్వాత కామిక్స్‌లోకి వచ్చింది. పాత అగ్నిమాపక కేంద్రంలో దుకాణం పెట్టిన శాస్త్రవేత్తలు ఒక హోటల్లో మొదటి దయ్యాన్ని పట్టి 5,000 డాలర్ల బిల్లు ఇస్తారు. మేనేజరు అంత ఇవ్వలేనంటే, సరే దాన్ని మళ్లీ లోపల వదిలేస్తామంటారు.

ఆ బేరం చూసి నవ్వుకుంటాం. నవ్వు వెనక మాత్రం బరువైన విషయం ఉంది. భయం అంటే హద్దు లేనిది. ఇంట్లో ఏదో ఉందన్న అనుమానానికి మొదలు తెలియదు, చివర తెలియదు. దానికి ఎవరో ధర కట్టిన క్షణం అది ఒక పని అవుతుంది. ఫలానా గది, ఫలానా జీవి, ఇంత సమయం, ఇంత సొమ్ము. పని అయ్యిందా లేదా అని చూసుకునే హక్కు డబ్బిచ్చినవాడికి వస్తుంది. కాకపోతే కాలేదని అనగలడు. దైవాంశ సంభూతుడైన వీరుణ్ణి అలా అడగలేం. అతను వస్తే మన అదృష్టం, రాకపోతే మన కర్మ. కూలికి వచ్చినవాడు మాత్రం జవాబు చెప్పాలి. కుళాయి బాగుచేసే మనిషిని అడిగినట్టు, రేపు మళ్లీ కారితే ఏం చేస్తావని అతన్ని అడగొచ్చు. ఈ కథలు పిల్లలకు మొదట నేర్పేది ఇదే. దయ్యమంతటి భయాన్ని కూడా కొలిచి, పేరు పెట్టి, ముగించాల్సిన పనిగా చూడొచ్చని.

దీన్ని పడమటి దేశాల వ్యాపార బుద్ధి అనుకుంటే మన కథల్నే మనం మరిచినట్టు. యాగానికి రాక్షసుల బెడద వస్తే విశ్వామిత్రుడు దశరథుడి దగ్గరకు వెళ్లి రామలక్ష్మణుల్ని అడిగి తీసుకెళ్లాడు. అది ఇద్దరు కుర్రవాళ్ల జట్టు. దారిలో బల, అతిబల విద్యలు, తాటక వధ తర్వాత దివ్యాస్త్రాలు వాళ్లకు ముట్టాయి. ఏకచక్రపురంలో బకాసురుడి మీదకు భీముణ్ణి పంపేటప్పుడు కుంతి చెప్పిన కారణాల్లో ఒకటి, ఇంట్లో ఆశ్రయమిచ్చిన బ్రాహ్మడి ఋణం తీర్చుకోవాలని. రాక్షసుడికని పంపిన బండెడు అన్నం భీముడే తిన్నాడు. వీటిని జీతమనడం లేదు. పుచ్చుకోవడం, బదులుగా ప్రాణానికి తెగించడం మన పురాణాలకు తలవంపులుగా తోచలేదని మాత్రమే ఇక్కడ చెప్పేది. అన్నిటికన్నా స్పష్టంగా ఉన్నది బేతాళ కథ. 11వ శతాబ్దపు కథాసరిత్సాగరంలో గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానాన్ని ఏలే త్రివిక్రమసేనుడి కొలువుకు ఒక భిక్షువు ఏళ్ల తరబడి రోజుకో పండు తెచ్చిస్తాడు. ప్రతి పండులో ఒక రత్నం. ఆ సంగతి బయటపడ్డాకే రాజు ఏం కావాలని అడుగుతాడు. అప్పుడు భిక్షువు శ్మశానంలో చెట్టుకు వేలాడే శవాన్ని తెచ్చిపెట్టమంటాడు. ఈ కాలపు మాటలో చెప్పాలంటే బయానా ముందే ముట్టింది, పని తర్వాత చెప్పారు. ఆ శవంలోని బేతాళుణ్ణే 1950ల నుంచి చందమామ పత్రిక నెలనెలా తెలుగు పిల్లల ఇళ్లకు తెచ్చింది. శంకర్ గీసిన బొమ్మలో కత్తి పట్టుకుని శవాన్ని భుజాన వేసుకుని నడిచే ఆ రాజును, చందమామ విక్రమార్కుణ్ణి, చూసినవాళ్లెవరూ, ఈయన ఒకరి పనికి ఒప్పుకుని వచ్చాడు కనుక వీరుడు కాదనుకోలేదు.

అదే చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలు చూడండి. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మూడింటిలోనూ జంటే. కేజ్, ఐరన్ ఫిస్ట్ జంట పుట్టకముందే చిత్రకారుడు చిత్రా బొమ్మలతో మన ఇళ్లలో ఇలాంటి జట్లు రాక్షసుల్ని, మాంత్రికుల్ని ఎదిరిస్తూ తిరిగాయి. మన జానపద కథల్లో బహుమానం అర్ధరాజ్యం రూపంలో ఉంటుంది. దండోరా వేసి మరీ ప్రకటించే కూలి అది. రాజ్యాలు పోయాయి, దండోరా పోయింది. ఆ చోటికి ఆఫీసు బోర్డు, బిల్లు పుస్తకం వచ్చాయి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. కొనుక్కోదగిన వీరుణ్ణి శత్రువు కూడా కొంటాడు కదా? భిలాయి లాంటి హిందీ నేల పట్టణాల్లో 1980, 90లలో అద్దె కొట్ల నుంచి తెచ్చుకుని పిల్లలు చదివిన రాజ్ కామిక్స్‌లో నాగరాజ్ కథలు సరిగ్గా ఇదే ప్రశ్నతో మొదలయ్యాయి. 1986లో వచ్చిన నాగరాజ్ మొదటి కథలో అతను వీరుడు కాదు, ఆయుధం. ప్రొఫెసర్ నాగమణి అతన్ని తయారుచేసింది తీవ్రవాదులకు అద్దెకిచ్చి సొమ్ము చేసుకోవడానికి. తలలో ఒక క్యాప్సూల్ పెట్టి, ఆ అదుపులో తొలి పనికి పంపాడు. బాబా గోరఖ్‌నాథ్ ఆ క్యాప్సూల్ తీసేశాకే నాగరాజ్ సొంత బుద్ధితో నడిచి దుష్టుల మీదకు తిరిగాడు. కూలి వీరులకు వ్యతిరేకంగా చూపదగ్గ సాక్ష్యంలా ఉంది ఇది. కానీ లెక్క ఒకసారి చూడండి. ఆ బేరంలో సొమ్ము నాగమణిది. నాగరాజ్‌కు దక్కింది ఏమీ లేదు. అది కూలి కాదు, వెట్టి. వెట్టిలో ఉన్నవాడు వద్దనలేడు. కూలికి ఒప్పుకున్నవాడు వద్దనగలడు. త్రివిక్రమసేనుడు రత్నాలు తీసుకున్నాడు, మాట నిలబెట్టుకుని శవం తెచ్చాడు. తనను బలి ఇవ్వడానికే భిక్షువు పిలిచాడని బేతాళుడి ద్వారా తెలిశాక అతని తలే నరికాడు. ఒప్పందం తన మెడ మీదకు వచ్చినచోట ఆగిపోయాడు. చందమామను నడిపిన నాగిరెడ్డి, చక్రపాణి 1951లో తీసిన పాతాళభైరవిలో తోటరాముడు చేసిందీ అదే. తనను బలికి సిద్ధం చేసిన మాంత్రికుణ్ణే బలి ఇచ్చాడు. మనకు ఇన్ని తరాలుగా నచ్చిన వీరుడు పనికి ఒప్పుకుంటాడు, మోసం తెలిస్తే ఎదురుతిరుగుతాడు. ఇటీవలి జపాన్ కథ చైన్‌సా మ్యాన్ ఈ తేడాను కడుపు తరుక్కుపోయేలా చూపిస్తుంది. తండ్రి చేసిన అప్పు తీర్చడానికి డెంజీ అనే కుర్రాడు రౌడీ ముఠా కోసం రాక్షసుల్ని చంపుతూ, ఒంట్లో అవయవాలు కూడా అమ్ముకుంటాడు. అప్పు మీద చాకిరీ అంటే ఏమిటో తెలిసిన మన నేలకు ఆ కుర్రాడు పరాయివాడు కాదు. మికామి దగ్గర పనిచేసే కుర్రాడికీ గంటకు 250 యెన్లే. కోట్ల బిల్లు వేసే దుకాణంలో అది. ఈ కథల్లో నిజంగా తప్పు ఉందంటే ఇదిగో ఇక్కడ ఉంది, కూలి తీసుకోవడంలో లేదు.

డబ్బు లేనివాడి సంగతేమిటన్నది రెండో అభ్యంతరం. దానికి చరిత్రలో జవాబు ఉంది. 1666లో లండన్ తగలబడ్డాక అక్కడ నిప్పు ఆర్పే దళాలను నడిపింది బీమా కంపెనీలు. బీమా కట్టిన ఇంటి గోడకు ఆ కంపెనీ రేకు గుర్తు తగిలించేవారు. క్రమంగా, ఒక ఇంటి నిప్పు వీధి మొత్తానికీ నిప్పేనని తెలిసొచ్చి, 1860లలో ఆ పని ప్రజల సొమ్ముతో నడిచే దళం చేతికి వచ్చింది. కామిక్స్ కూడా ఈ దారినే నడిచాయి. మైక్ మిగ్నోలా 1994లో మొదలుపెట్టిన హెల్‌బాయ్ కథల్లో భూతాలతో పోరాడేది ఒక ప్రభుత్వ విభాగం. నరకం నుంచి వచ్చిన ఎర్రటి హెల్‌బాయ్ కూడా అక్కడ ఉద్యోగే. కూలి ఆగలేదు, ఇచ్చే చేయి మారింది. నోరాగామి అనే మరో జపాన్ కథలో గుడి లేని దేవుడు ఎవరి పనైనా 5 యెన్లకే చేస్తాడు. జపాన్ భాషలో 5 యెన్లు అనే మాట, బంధం అనే మాట ఒకేలా వినిపిస్తాయి. పేదవాడు కూడా ఇవ్వగలిగినంత చిన్న మొత్తం అది. అయినా ఏదో ఒకటి ఇచ్చాడు కనుక అతను బిచ్చగాడు కాడు, పని చెప్పినవాడు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది, పుస్తకం బయటి నుంచి వచ్చేది. డబ్బు తీసుకుని దయ్యాల్ని వదిలిస్తామనే మనుషులు ఈ నేల మీద నిజంగానే ఉన్నారు. భిలాయి ఉన్న ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఒక ఆడమనిషికి టోన్హీ, అంటే మంత్రగత్తె, అని పేరు పెడితే ఆమె బతుకు అక్కడితో చెడుతుంది. కొట్టడాలు, ఊరేగించడాలు, చంపడాలు జరిగాయి గనుకే ఈ రాష్ట్రం 2005లో టోన్హీ వేధింపుల నివారణకు ప్రత్యేక చట్టం చేసింది. ఆ చట్టం ముద్ర వేసినవాళ్లనే కాదు, మంత్రం వేసి బాగుచేస్తానని దిగే ఓఝాను కూడా శిక్షిస్తుంది. మనవైపు చిల్లంగి, బాణామతి అన్న మాటలు ఎన్ని ప్రాణాలు తీశాయో తెలుగువాళ్లు మరిచిపోకూడదు. మరి భూతవైద్యుడు కూడా కూలి తీసుకునేవాడే కదా, కామిక్స్ అతనికి వంత పాడుతున్నట్టు కాదా అని అడిగితే, కాదనే చెప్పాలి. కారణం ఈ కథల నడకలోనే ఉంది. నైట్‌స్టాకర్స్, డైలాన్ డాగ్, గోస్ట్‌బస్టర్స్ ముందుగా చేసేది దర్యాప్తు. చోటు చూస్తారు, పాత కాగితాలు తిరగేస్తారు, కొలుస్తారు. డైలాన్ డాగ్ వెతికిన చాలా కథల్లో చివరికి తేలే రాక్షసుడు మనిషే, వెలివేతకు గురైన జీవి పట్ల జాలే మిగులుతుంది. భూతవైద్యుడి వ్యాపారం దీనికి తలకిందులు. అతను భయాన్ని ముగించడు, పెంచుతాడు. అది పెరిగితేనే రేపు మళ్లీ గిరాకీ. నిందను ఏ దిక్కూ లేని ఆడమనిషి మీదకు, ఎక్కువగా వితంతువు మీదకో ఒంటరి ముసలమ్మ మీదకో తోస్తాడు. పని అయ్యిందో లేదో అడిగే వీలు ఎవరికీ ఇవ్వడు. కూలి పుచ్చుకునే వీరుడి లక్షణాలు మూడూ, అంటే హద్దు, రుజువు, జవాబుదారీతనం, అతనిలో లేవు. పిల్లవాడు ఈ తేడా పట్టుకోగలిగితే, రేపు ఓఝా ముందు కూర్చున్న పెద్దవాళ్లను అతనే నిలదీస్తాడు. రుజువు చూపించమంటాడు.

భిలాయికి కంటికి కనిపించని ప్రమాదం అంటే ఏమిటో వేరే విధంగానూ తెలుసు. 2014 జూన్ 12న ప్లాంటులో గ్యాస్ లీకై ఆరుగురు చనిపోయారు. వారిలో సీనియర్ అధికారులూ ఉన్నారు. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మనిషి దగ్గరకు ఎలా వచ్చిందో తెలియకుండానే నెత్తుట్లో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. కథల్లో దయ్యానికి చెప్పే లక్షణాలన్నీ దానికి ఉన్నాయి. దాన్ని పట్టేది మీటరు. ఎదుర్కొనేది ముఖానికి మాస్కు, వీపున సిలిండరు తగిలించుకుని లోపలికి వెళ్లే జట్టు. వాళ్లంతా జీతగాళ్లే. ఇది మనసులో పెట్టుకుని గోస్ట్‌బస్టర్స్ మళ్లీ చూస్తే ఒక దృశ్యం వేరేగా కనిపిస్తుంది. పట్టిన దయ్యాలన్నిటినీ ఊరి నడిబొడ్డున ఒక యంత్రంలో నిల్వ పెడతారు. పర్యావరణ శాఖ అధికారి వచ్చి ఏం దాచారో చూపించమంటాడు. సినిమా అతన్ని విలన్ చేసింది. నిపుణుల మాట వినకుండా కరెంటు ఆపించి దయ్యాలన్నీ బయటపడేలా చేశాడు కనుక ఆ కోపం న్యాయమే. అతను అడిగిన ప్రశ్న మాత్రం సరైనది. జనం మధ్య ప్రమాదకరమైనదాన్ని నిల్వ చేసే ఏ సంస్థనైనా, అది ఎంత మంచి పని చేస్తున్నా, లోపల ఏముందని అడగాల్సిందే. కర్మాగారం పక్కన ఇళ్లు ఉన్న ఊరు ఆ ప్రశ్నను విలన్‌కు వదిలేయకూడదు.

తెలుగులో బొమ్మల కథలు గీసేవాళ్లకు, రాసేవాళ్లకు ఒక విన్నపం. ఈ ఊరి మీద ఒక జట్టును పుట్టించండి. శ్రీకాకుళం యాస, ఛత్తీస్‌గఢీ మాట కలిపి మాట్లాడుకునే నలుగురిని తీసుకోండి. నైట్ షిఫ్టు దిగి వచ్చిన ఫర్నేస్ మనిషి ఒకరు, గ్యాస్ మీటరు చదవగల అమ్మాయి ఒకతె, టోన్హీ ముద్ర పడి ఊరు విడిచి వచ్చిన ముసలమ్మ ఒకరు, పాత చందమామలు అట్టలు వేసి దాచుకున్న కుర్రాడు ఒకడు. రుఆబాంధాలో ఒక క్వార్టర్ వరండాలో వాళ్ల బోర్డు తగిలించండి. ముందు దర్యాప్తు చేయించండి, మోసం కనిపిస్తే పని వద్దనిపించండి. చివరి పేజీలో వాళ్ల చేతికి కూలి అందినట్టు కూడా బొమ్మ వేయండి.